కంకులు చల్లార్చే నీళ్ళు

మా మేనత్త ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. పెద్ద దుప్పట్లన్నీ ఇస్త్రీ మిషన్లో వేసేది గాని, పసిపిల్లల దుప్పట్లు మాత్రం విడిగా ఏరి చేత్తో మడత పెట్టేది. "ఆ ఇనుప బండ కింద వీటిని నలపడానికి నాకు చేతులు రావు" అనేది. తోటివాళ్ళు నవ్వేవారు. నవ్వుతూనే తమకు వచ్చిన చిన్న దుప్పట్లు కూడా తెచ్చి మాటా పలుకూ లేకుండా ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళేవారు.

వీధిలో ఆమెకు ఐసుపెట్టె అత్త అని పేరు. తీపి మొక్కజొన్న వచ్చే రోజుల్లో బుట్టలకొద్దీ కంకులు కొని, గింజలు కోసి, గడ్డకట్టించి దాచేది. ఏడాది పొడుగునా ఆ సంచులు బాలింత ఉన్న ఇంటికీ, జ్వరంపడి లేచినవాళ్ళకూ, నోటికి ఏదీ సహించని ముసలివాళ్ళకూ వెళ్ళేవి. దేవుడు ఈమె చేత్తో పెడుతున్నాడని నేను అనుకునేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ అన్నేసి కంకులు కొనడానికి అదొక్కటే కారణం కాదని చాలాకాలం నాకు తెలియదు.

కంకులమ్మే పెద్దాయనకు ఆమె వస్తోందంటే సంబరమూ, భయమూ. ఆకు కొంచెం తప్పించి, గింజలో గోరు గుచ్చి చూసేది. నీళ్ళు కారితే ఇంకా పసరు, పాలు చిమ్మితే సరైన అదను.

"గోరు పడ్డవన్నీ నువ్వే కొనాలమ్మా, మళ్ళీ నేనెవరికి అంటగట్టను?"

"గుచ్చకుండా కొంటే నీ మొహం చూసి కొన్నట్టే. అదెప్పుడో ముదిరిపోయింది!"

ఆయన పగలబడి నవ్వి పైన రెండు కంకులు కొసరు వేసేవాడు. అత్త వేలికంటిన పాలను కొంగుకు తుడుచుకుని, కాసేపు అలాగే నిలబడేది.

కోసిన పూటే పని ముగించాలి, ఆలస్యమైతే తీపి చచ్చిపోతుంది. నేను ఆకులు ఒలిచి పీచు ఏరేదాన్ని. అత్త కంకుల్ని తెర్లే నీళ్ళలో కాసేపు ఉంచి, పటకారుతో తీసి, వెంటనే ఐసు నీళ్ళ టబ్బులో వేసేది. లోపలి వేడి అక్కడికక్కడ ఆగిపోవాలి, లేదంటే గింజ మెత్తబడుతుంది. చల్లారాక గుడ్డతో తుడిచి, నిలబెట్టి కత్తితో గింజలు కోసి, పళ్ళెంలో పలచగా పరిచి, విడివిడిగా గడ్డకట్టాక సంచుల్లో పోసి, గాలంతా నొక్కి తీసేసేది.

"జాగ్రత్తమ్మాయ్, అందకుండా ఉండు. నిన్ను కూడా సంచిలో పెట్టి గాలి తీసేస్తుంది మీ అత్త" అనేవాడు మామయ్య. ఆయన బస్సుల మెకానిక్కు, మాటకు ముందు హాస్యం. అయినా కంకులు టబ్బులో పడే వేళకు రేడియో కట్టేసి వసారాలోకి వెళ్ళిపోయేవాడు.

వేడి కంకి పడగానే ఐసు చిట్లుతుంది. చిట్లి, సన్నగా ఒక కూత పెడుతుంది. అత్త పటకారు పట్టుకుని, కళ్ళు మూసుకుని వినేది. ఒక ఏడాది తనే చెప్పింది.

"నీకంటే ముందు పుట్టిందే అది. పుట్టి, ఒక్కసారి ఏడ్చి, పోయింది. అది పోయాక నాకు పాలొచ్చాయి. పేరు లేదు, ఫొటో లేదు. ఆ ఏడుపొక్కటే నా దగ్గరుంది. ఇదిగో, ఇలాగే ఏడ్చింది."

మామయ్య గుమ్మంలోంచి కసిరాడు. "ఐసు మీద వేడి పడితే కూస్తుంది. దానిక్కూడా దయ్యం కావాలా నీకు?"

నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆ వంటింట్లో వెన్ను చల్లగా ఉండేది. దేవుణ్ణి తలుచుకుంటూ పీచు ఏరేదాన్ని.

లాండ్రీ మిషన్ల మోతకు అత్త చెవులు మెల్లమెల్లగా మొద్దుబారాయి. పిలిస్తే పలికేది కాదు. పెదవులు చూసి జవాబు చెప్పేది. అది మాకు తెలిసినంతగా ఆమెకు తెలియదు.

మరుసటి కంకుల కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం మొదటి కంకిని టబ్బులో వేసి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచింది. ఇంకొకటి వేసింది. మరొకటి.

"ఐసు చాలలేదేమోనే."

పక్కింటి కుట్టుపని ఆవిడ అడగకముందే తన ఫ్రిజ్జులో ఐసంతా తెచ్చి టబ్బులో కుమ్మరించింది. అత్త మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయింది. అత్త మళ్ళీ వేసింది. ఐసు ఎప్పటిలాగే చిట్లింది, కూసింది. నేను విన్నాను.

"రాలేదే" అంది అత్త, పటకారు ఒళ్ళో పెట్టుకుని. "ఇన్నేళ్ళూ వచ్చింది. విసిగిపోయి వెళ్ళిపోయింది కాబోలు. నీకేమన్నా వినబడిందా?"

చెవులు పోయాయని చెప్పనా, బిడ్డే వెళ్ళిపోయిందనుకోనిచ్చి ఊరుకోనా? చెబితే, ఇక ఎప్పటికీ వినలేనని ఆమెకు తెలిసిపోతుంది. ఊరుకుంటే, ఇక ఎప్పటికీ ఎదురుచూడదు.

మామయ్య వసారాలోంచి లోపలికొచ్చాడు. మోకాళ్ళు పట్టేసినా మెల్లగా కిందికి దిగి, టబ్బు పక్కన చెవి వంచి కూర్చున్నాడు. "వెయ్యవే" అని చేత్తో సైగ చేశాడు.

అత్త వేసింది. ఆయన చెయ్యెత్తాడు.

"వినబడిందా?" అని అరిచింది.

"వచ్చింది."

"అబద్ధం! మీరసలు నమ్మనే నమ్మరు."

ఆయన ఆమె వైపు తిరిగి, పెదవులు కనబడేలా ఒక్కొక్క మాటే అన్నాడు. "నమ్మకపోతే వసారాలోకెందుకు పారిపోతాననుకున్నావు? ఆ రోజు ఆసుపత్రిలో తలుపు అవతల నిలబడి నేనూ విన్నాను. నా దగ్గరా ఉంది ఆ ఏడుపు. నీకు వినబడకపోతే నేను విని చెబుతాను."

అత్త ఒక్కో కంకీ వేసింది. ఆయన ఒక్కోసారీ చెయ్యెత్తాడు. బుట్ట అయిపోయింది. కంకులన్నీ తీసి గుడ్డ మీద పరిచాను.

ఆయన చెయ్యి మాత్రం కిందికి దిగలేదు.

"ఇంకానా?" అంది అత్త.

"ఉష్. ఇంకా ఊరుకోలేదే."

నేను టబ్బులోకి చూశాను. ఐసు ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు. నీళ్ళు కదలడం లేదు. నాకేమీ వినబడలేదు. మామయ్య ముంజేతి మీద వెంట్రుకలు మాత్రం నిక్కబొడుచుకుని ఉన్నాయి.

అత్త ముందుకు జరిగి, అరచేత్తో టబ్బు అంచు మీద మెల్లగా జోకొట్టసాగింది.