జర ఆగు బిడ్డా

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ఎవరైనా ఉన్నాయంటే, "ఉంటే డిటెక్టర్లో పడాలి కదా" అని వాదనకు దిగేదాన్ని. ఈ వాదనతో మా ఇంట్లో చాలా భోజనాలు చల్లారిపోయాయి. ఇప్పుడు రాస్తున్నది మాత్రం పగలు పదకొండు గంటలకు, ట్యూబ్‌లైట్లన్నీ వెలుగుతుండగా జరిగింది.

ఇబ్రహీంపట్నం దగ్గర మా యూనివర్సిటీకి ఒక చిన్న యాక్సిలరేటర్ ల్యాబ్ ఉంది. నేను అక్కడే పీహెచ్‌డీ చేశాను. ప్రోటాన్లను మహా వేగంగా పంపి పలచటి మెగ్నీషియం పొరకు తగిలిస్తాం. ప్రోటాన్ అందులోకి దూరితే అది అల్యూమినియం అవుతుంది. నక్షత్రాల కడుపులో జరిగేదీ ఇదే. ఎంత తరచుగా జరుగుతుందో కొలవడం నా పని.

బడంగ్‌పేట్‌లో ఉండే మా అమ్మ, తణుకు మనిషి, దీన్ని "నక్షత్రాల్లో సత్తు గిన్నెలు చేయడం" అనేది. మా టెక్నీషియన్ యాదగిరి గారిది రావిర్యాల. అల్యూమినియం గిన్నెల్ని అమ్మ వైపు సత్తు అంటే ఆయన వైపు సిల్వర్ అంటారు, అందుకని "సత్తు గాదు, సిల్వర్ గిన్నెలు" అని దిద్దేవారు.

ఆ పొరను టార్గెట్ అంటాం. దానికి కావలసిన రకం మెగ్నీషియం దొరకడమే గగనం. మూడు చేసుకుంటే రెండు పాడయ్యాయి, అందులో ఒకటి నా చేతిలోంచే జారిపడింది. మిగిలింది ఒక్కటే. మెషిన్ నాకు మూడు రోజులు ఇచ్చారు. ఇదీ పోతే టాపిక్ మార్చుకోమని మా గైడ్ మొహం మీదే చెప్పేశారు. నాలుగేళ్ళ చాకిరీ రూపాయి బిళ్ళంత రేకు మీద ఉంది.

బీమ్ వదిలే ముందు లోపలి గదిలో ఎవరూ లేరని చూసుకోవాలి. రేడియేషన్ వస్తుంది కాబట్టి ఇందులో వేళాకోళం పనికిరాదు. ఒకరు గదంతా తిరిగి, మూడు మూలల్లో ఉన్న బటన్లు నొక్కి, "బీమ్ వస్తోంది, ఎవరైనా ఉన్నారా" అని మూడుసార్లు గట్టిగా అడగాలి. తర్వాత బయటికొచ్చి కాంక్రీటు తలుపు మూయాలి. దీన్ని సెర్చ్ అంటాం. మొదట్లో నేను "ఎవరైనా ఉన్నారాండీ" అనేదాన్ని. "పేరంటానికి పిలుస్తున్నరా మేడం, జర గట్టిగ ఒర్రున్రి" అని యాదగిరి గారు నవ్వేవారు.

ఆ రోజు టార్గెట్ నేనే బిగించాను. సెర్చ్‌కూ నేనే వెళ్ళాను. మూడోసారి అడిగి బయటికొచ్చి, తలుపు స్విచ్ మీద చేయి పెట్టాను. లోపలి నుంచి "జర ఆగు బిడ్డా" అని వినిపించింది.

ముసలావిడ గొంతు. అందులో తొందర లేదు, భయం లేదు. కూర తరుగుతూ తలెత్తకుండా అన్నట్టుంది. నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. ఊడ్చే ఆవిడ లోపలే ఉండిపోయిందనుకున్నాను.

ఈలోగా కంట్రోల్ రూమ్ నుంచి యాదగిరి గారు పరుగున వచ్చారు. లోపలి గదిలో మైకు ఉంటుంది, అక్కడి మాట ఆయనకు వినిపిస్తుంది. "లోపల ఎవరు మేడం, ముసలామె మాట్లాడింది" అన్నారు. అంటే విన్నది నేనొక్కదాన్నే కాదు.

ఇద్దరం వెతికాం. దాక్కోవడానికి అక్కడ చోటే లేదు. మోకాళ్ళ మీద వంగి టార్గెట్ పెట్టిన డబ్బా కింద కూడా చూశాను. మనిషి లేదు. కానీ నీటి గొట్టం పొడిగా ఉంది.

బీమ్ తగిలితే టార్గెట్ కాగిపోతుంది, అందుకని దాని వెనక చల్లటి నీళ్ళు తిరుగుతూ ఉండాలి. తిరుగుతుంటే గొట్టానికి చెమట పడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు. ఆ రోజు ఒక్క చుక్క లేదు. టార్గెట్ బిగించేటప్పుడు వాల్వ్ మూసి, తెరవడం మర్చిపోయాను. నీళ్ళు ఆగితే ఎర్రగా వెలగాల్సిన లైటు పచ్చగానే ఉంది, దాని స్విచ్ ఇరుక్కుపోయింది. బీమ్ వదిలి ఉంటే నా పొర నిమిషాల్లో ఆవిరైపోయేది. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను. యాదగిరి గారు వాల్వ్ తిప్పారు.

తర్వాత మేము ఆరా తీయనిది లేదు. లోపలికి వెళ్ళే ప్రతివారూ గోడ మీది బోర్డు నుంచి తమ బ్యాడ్జి తీసుకుని పెట్టుకోవాలి. ఆ గొంతు వినిపించినప్పుడు నాది తప్ప అన్నీ బోర్డు మీదే ఉన్నాయి. తలుపు దగ్గరి కెమెరాలో అప్పటిదాకా లోపలికి వెళ్ళింది నేనొక్కదాన్నే. ఊడ్చే ఆవిడ ఆ వారమంతా సెలవు పెట్టి తుక్కుగూడలో కూతురి దగ్గర ఉంది. మైకులో ఏ రేడియోనో దూరిందనుకుందామంటే, నేను విన్నది మైకులో కాదు, నా చెవులతో.

రెండోసారి సెర్చ్ ఎందుకు చేశామో లాగ్‌బుక్‌లో రాయాలి. నేను "నీటి వాల్వ్ మూసి ఉన్నందున" అని రాశాను. యాదగిరి గారికి నచ్చలేదు. "వాల్వ్ సంగతి మనకు తర్వాత గద తెలిసింది. అబద్ధం ఎందుకు మేడం" అని, కింద తన చేత్తో "లోపలికెల్లి పిలిచిన్రు" అని రాశారు, అంటే లోపలి నుంచి పిలిచారని. గైడ్ అది చదివి, మా ఇద్దరి మొహాలూ చూసి సంతకం పెట్టారు.

"దయ్యమంటావా అన్నా" అని అడిగాను. ఆయన్ని అన్నా అనడం అదే మొదటిసారి.

"దయ్యమైతే మేడం అంటది. బిడ్డా అని ఎందుకంటది" అన్నాడు యాదగిరన్న.

మూడో రోజు మధ్యాహ్నం స్క్రీన్ మీది గ్రాఫులో నాకు కావలసిన చోటే చిన్న గుట్ట లేచింది, అంటే అల్యూమినియం తయారవుతోంది. నా నాలుగేళ్ళూ నిలబడ్డాయి. మర్నాడు అమ్మ సత్తు గిన్నె నిండా బూరెలు పంపింది. "సిల్వర్ గిన్నె వచ్చింది" అని యాదగిరన్న మొదటి బూరెను కాగితంలో పెట్టి లోపలి గది గుమ్మం పక్కన ఉంచాడు. నేను చూడనట్టే ఉన్నాను. సాయంత్రానికి దానికి చీమలు పట్టాయి, వింతేమీ జరగలేదు.

ల్యాబ్ వదిలే రోజు చివరి సెర్చ్ నేనే అడిగి తీసుకున్నాను. మూడుసార్లు పిలిచాను. రూల్లో లేకపోయినా నాలుగోసారి, "అవ్వా, పోయొస్త" అన్నాను. జవాబు రాలేదు. అయినా స్విచ్ నొక్కబుద్ధి కాక అలాగే నిలబడ్డాను. మైకులో అంతా వింటున్న యాదగిరన్న కూడా తొందరపెట్టలేదు.

ఆ రోజు నన్ను బిడ్డా అన్నదెవరో ఇప్పటికీ తెలియదు. డిటెక్టర్లో ఏమీ పడలేదు. ఇప్పుడు ఏ తలుపు మూస్తున్నా, మా ఇంటి తలుపైనా సరే, జర ఆగుతాను.