మార్కండేయ సారు అభ్యంతరం

నాందేడ్‌లో మార్కండేయ సారు ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చెప్పారు. ఆయన శిష్యుల్లో ఇంగ్లీషు మాట్లాడినవాడు ఇంతవరకు కనబడలేదు గానీ, ఒకవేళ మాట్లాడవలసి వస్తే గొంతు ఏ మేరకు ఎత్తాలో మాత్రం అందరికీ తెలుసు. అది నేర్పే క్రియావిశేషణాల పాఠమంటే సారుకు ప్రాణం. మాట నోరు దాటితే చాలు, ఎదుట ఎవరూ లేకపోయినా అది అలౌడ్. పక్కవీధి వాళ్లు తిరిగి చూస్తే లౌడ్లీ. ఎవరి కోసం అన్నామో వాళ్ల చెవిన పడితే ఆడిబ్లీ. మనిషికి పనికొచ్చేది మూడోదేనని ఆయన సిద్ధాంతం. వెనకగోడ దగ్గర ఒక పిల్లను నిలబెట్టి, "ఇనవడ్డదా?" అని అడిగేవారు. లేదంటే చదివినవాడు మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే.

1969లో ఆ ప్రైవేటు బడి కమిటీ తెలుగు సెక్షన్ ఎత్తేయాలనుకుంది. పిల్లలు పదకొండు మందే మిగిలారు. ఆ సెక్షన్‌కు ఏకైక పంతులు అనంతరాములు, సారుకు ప్రాణస్నేహితుడు. సెక్షన్ పోతే అతని ఉద్యోగం పోతుంది. కమిటీ పెద్ద నందకిషోర్ శేఠ్ బట్టల వ్యాపారి, మీటింగులో రభస అంటే భయం. ఉపాధ్యాయుల్లో ఒక్కరు లేచి కాదన్నా సంగతి వచ్చే ఏటికి వాయిదా వేస్తాడని అందరికీ తెలుసు. తన సంగతే కాబట్టి అనంతరాములుకు ఆ మీటింగులో కూర్చునే వీల్లేదు.

"ఫికర్ జెయ్యకు. నేను లేచి జెప్త," అన్నారు సారు.

"జెప్తవు గద?"

"తొమ్మిదేండ్ల సంది పోరగాండ్లకు నేర్పేది గదే గదనె."

మీటింగు రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందు మరాఠీలో సాధన చేశారు: "హర్కత్ ఆహే." అభ్యంతరం ఉంది, అని. గోడవతల నుంచి పక్కింటి రఖమాబాయి పలికింది: "ఏంది సార్, మా మేక మల్ల మీ దిక్కు అచ్చిందా?"

శేఠ్ తీర్మానం చదివి, బల్ల మీద వేలితో కొట్టి, "కోణాచీ హర్కత్?" అని, ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాడు. అతని చేతికింద ఇంకో కాగితం ఉంది. తొమ్మిదేళ్లుగా టెంపరరీగా ఉన్న మార్కండేయను పర్మినెంటు చేసేది. సంతకం ఒక్కటే తక్కువ. సారు సగం లేచారు. అన్నారు. అన్నారన్నది నిజమే, పెదవులు కదిలాయి, కొంత గాలి కూడా బయటికి వచ్చింది. పక్కనున్న డ్రిల్లు మాస్టరు శివన్న, ఈయన బయటికి పోవాలనుకుంటున్నాడని ఎంచి, మర్యాదగా మోకాళ్లు పక్కకు తిప్పి దారిచ్చాడు. దారిచ్చాక పోకపోతే ఏం బాగుంటుంది? సారు పోయారు. వరండాలో కుండ దగ్గర నిలబడి, దాహం లేకుండానే గ్లాసుడు నీళ్లు తాగారు. లోపల గుమాస్తా 'సర్వానుమతే' అని రాసుకున్నాడు. ఏకగ్రీవం.

అనంతరాములు సైకిలు దుకాణం దగ్గర ఎదురుచూస్తున్నాడు.

"ఏమైంది?"

"పాసైంది."

"నువ్వు లేచినవా?"

"లేచిన."

అనంతరాములు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "గంతే చాలు. నాకోసం ఎవలు లేస్తరు?"

అతను కిన్వట్ దాటి మాండవిలో ఒక ఆశ్రమశాలలో తక్కువ జీతానికి చేరాడు. సారు పర్మినెంటు అయ్యారు. ఆ ఏటి నుంచి క్రియావిశేషణాల పాఠం ఇంటి దగ్గర చదువుకోండని చెప్పేవారు.

పదేళ్లు మనసులో మోశాక, ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని సారు కిన్వట్‌కు రైలెక్కి, అక్కడ బస్సు పట్టుకుని మాండవి వెళ్లారు. అనంతరాములుకు జుట్టు పూర్తిగా తెల్లబడింది. చూడగానే బడి మొత్తాన్ని వాకిట్లోకి పిలిచి కూర్చోబెట్టాడు.

"నేను ఎప్పుడు జెప్పే సార్ గీయనే. కమిటీ అంత గూసున్నదాంట్ల నాకోసం ఒక్కడు లేచిండు."

నలభై మంది పిల్లలు చప్పున లేచి నిలబడ్డారు.

"మొన్న పప్పుల నీళ్లే ఉన్నయని ఇద్దరు పోరగాండ్లు వార్డెన్ మొకం మీదనే అడిగిన్రు. నీ ముచ్చట జెప్పి జెప్పి గిట్ల చేసిన," అన్నాడు అనంతరాములు, గర్వంగా.

"రాములూ, నీకొకటి జెప్పాలె."

"జెప్పు. వీళ్లు గూడ ఇంటరు."

సారు పిల్లల వైపు చూశారు. చేతిలోని ఛాయ్ గ్లాసు వైపు చూసుకున్నారు.

"ఛాయ్ల అల్లం మంచిగ వడ్డది," అన్నారు.

సాయంత్రం బస్సు దాకా అనంతరాములు ఆయన సంచి మోసుకుంటూ వచ్చాడు. వద్దంటున్నా వినక, సీటు మీది దుమ్ము తన కండువాతో తుడిచి మరీ కూర్చోబెట్టాడు.