చోడవరం క్లారినెట్టు, క్యాసెట్టు తెగిన జాజ్ పాట

ఈ బ్లాగులో జాజ్ గురించి రాసినప్పుడల్లా "మాటల్లేని పాటలో ఏం వింటాం సార్" అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. పోయిన నెల నాకు ప్రాణమైన ఒక పాత ఆల్బమ్ గురించి రాస్తే మాత్రం చోడవరం నుంచి రూతు అనే టీచరమ్మ ఒక ఆడియో పంపింది. వాళ్ల నాన్న దేవదానం మాస్టారు పెళ్లి బ్యాండులో క్లారినెట్టు వాయిస్తారు. పది సెకన్లు వినేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది ఆ ఆల్బమ్‌లో ఆఖరి పాట! శాక్సోఫోన్ వరుస మొత్తం ఆయన క్లారినెట్టు మీద దించేశారు. కానీ మధ్యలో టక్కున ఆగిపోయింది. వెంటనే ఫోన్ చేశాను.

"క్యాసెట్టు అక్కడే తెగిపోయిందండి. మిగతాది ఏటో ముప్పయ్యేళ్లుగా నాన్నకి తెలీదు. శుక్రవారం అనకాపల్లిలో ముందు పళ్లు నాలుగూ తీసేస్తారు. పై పళ్లు ఆనకపోతే క్లారినెట్టు ఊదలేరండి. ఈలోగా ఒక్కసారి ఆ పాట సివరిదాకా వాయించాలని ఆయన ఆశ" అంది రూతు. లింకు పంపితే సరిపోయేది. పంపలేదు. "ఇంకా చాలా ఉందమ్మా, నేనే తెస్తాను" అన్నాను. అలాంటి పాటని ఫోన్‌లో వినడం పాపం, ఈ విషయంలో నాతో వాదించకండి.

బుధవారం పొద్దున్న ఏడింటికి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కాను. వంద నోటిస్తే చిల్లర కూడా వచ్చింది. సబ్బవరం మీదుగా రెండు గంటల ప్రయాణం. దారంతా చెవుల్లో అదే ఆల్బమ్. ఎవరికీ తొందర లేదు అందులో. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఊఁ కొడుతున్నట్టు వాయిస్తారు. చెరకు ట్రాక్టరు వెనక మా బస్సు నత్తలా పాకినా నాకు చిరాకు రాలేదంటే, నన్నెరిగినవాళ్లు నమ్మరు.

చోడవరం కాంప్లెక్సు బయట ఆటో అబ్బాయి ముప్పై రూపాయలన్నాడు. మాస్టారి పేరు చెప్పగానే అడ్రసు అక్కర్లేదన్నాడు.

"మా పెళ్లికి ఆయనే కదండీ. ఒక ఇంగ్లీషు పాటుంది, మద్దిలో టక్కున ఆపేస్తారు. అక్కడ మేవందరం ఎలాగున్నోళ్లం అలాగ బిగుసుకుపోవాలి. కదిలినోడు ఓడిపోయినట్టే!"

క్యాసెట్టు తెగిన చోట ఊరు ఊరంతా ఒక ఆట అల్లేసిందన్నమాట! నవ్వాపుకోలేకపోయాను.

మాస్టారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. క్లారినెట్టు అప్పటికే బిగించి ఒళ్లో పెట్టుకున్నారు. రూతు టీ తెస్తానంటే "టీ తరవాత తాగుదాం, ముందు అది పెట్టు బాబూ" అన్నారు. స్పీకరు టీవీ పక్కన పెట్టి పాట మొదలెట్టాను. ఆయన వేళ్లు వాటంతటవే మీటల మీద నడుస్తున్నాయి. తెగిన చోటు దగ్గరికి రాగానే చెయ్యెత్తారు.

"ఆపు బాబూ." నా వైపు తిరిగారు. "సాలా ఉందన్నావట. రెండ్రోజుల్లో నేర్సుకోగల్నా?"

"మీరు నేర్చుకోలేకపోవడమేమిటి మాస్టారూ, మధ్యాహ్నానికి వచ్చేస్తుంది" అన్నాను ధీమాగా. మళ్లీ నొక్కాను.

శాక్సోఫోన్ రాలేదు. బేస్ అనే పెద్ద తీగల వాద్యం ఒక్కటే, దుమ్ దుమ్ అంటూ నిమిషం పైన. వందలసార్లు విన్న పాట! ఆ చోట శాక్సోఫోన్ ఊరుకుంటుందని ఒక్కసారీ గమనించలేదు. చాలా ఉందని ఈ పెద్దాయనకి ఏ ముఖంతో చెప్పాను? అప్పుడు, అన్నీ ఆగాక, శాక్సోఫోన్ ఒకే ఒక్క స్వరం పొడుగ్గా ఊదింది. పాట అయిపోయింది.

మాస్టారు పకపకా నవ్వేశారు.

"అంటే నా వొంతు నాకాడే ఉందన్నమాట! ఏటో పోయిందని ఇన్నేళ్లూ ఏడిసేను. ఒసే రూతూ, ఒక్క సురమే బాకీ!"

మళ్లీ మొదటినుంచి పెట్టమన్నారు. ఈసారి పాటతోపాటు వాయించారు. తెగిన చోట ఆగారు కానీ క్లారినెట్టు నోట్లోంచి తియ్యలేదు. పళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, ఆ నిమిషమంతా కాలితో తాళం వేస్తూ కూర్చున్నారు. ఆఖరి స్వరం దగ్గర రికార్డులో శాక్సోఫోన్ ముందే ఆగిపోయింది, మాస్టారు ఆగలేదు. ఊపిరి ఉన్నంతసేపూ ఊదారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

క్లారినెట్టు దించి మూతి తుడుచుకున్నారు. "ఇంక పళ్లు పీకీమను గుంటా" అన్నారు కూతురితో.

ఈ ఆల్బమ్ ఎందుకంత గొప్పదని ఇకమీదట ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుంది. తన వంతు అయిపోయినవాడు అందులో లేచి వెళ్లిపోడు, పక్కవాడిని వింటూ కూర్చుంటాడు. నేనేమో శాక్సోఫోన్ వెంటే పరిగెత్తాను ఇన్నాళ్లూ. మీరు చోడవరం వెళ్లేటట్టయితే ఒక్క సలహా: ముహూర్తాల రోజుల్లో వెళ్లకండి, బ్యాండువాళ్లు ఇంట్లో దొరకరు.

శనివారం రూతు ఫోన్ చేసింది. పళ్లు తీసేశారట, మూతి వాచిందట. "మాటాడొద్దన్నారండి డాక్టరుగారు. అయినా వినట్లేదు. నా సేతిలో క్లారినెట్టు పెట్టి ఆ ఒక్క సురం నన్ను ఊదమంటన్నారు. ఆయన దుమ్ దుమ్ అంటన్నారు."