బోర్డు జవాను ఇంటి గాజులమ్మ

బాగేపల్లి సంతలో జయలక్ష్మమ్మ కూర్చునే చోటు ఆడవాళ్లందరికీ తెలుసు. పసుపు కుంకుమలు అమ్మే పాపన్నకు ఎదురుగా నేల మీద ఒక గోనెపట్టా, దాని మీద ఉతికిన తెల్ల పంచె, పంచె మీద బారులు తీర్చిన గాజులు. ఆమె పుట్టిల్లు చింతామణి. గాజుల వ్యాపారం వాళ్ల ఇంట్లో తాతల నాటిది. పెళ్లయి బాగేపల్లికి వస్తూ ఆమె తెచ్చుకున్న ఆస్తి ఆ పనితనమే. ఎంత బిగువైన చెయ్యి అయినా బొటనవేలి కింద కండను మెల్లగా నొక్కి, ఊరి కబుర్లు అడుగుతూ, నొప్పి తెలియకుండా గాజు ఎక్కించేది. జవాబు చెప్తూ చెప్తూ ఉండగానే గాజు మణికట్టు మీదికి జారిపోయేది.

ఆమె భర్త వెంకటరాయప్ప తాలూకా బోర్డులో జవాను. పందొమ్మిది వందల అరవై దాటి ఒకటి రెండేళ్లయిన కాలం అది, బోర్డు అప్పుడప్పుడే కాళ్లూనుకుంటోంది. ఆఫీసులో కాగితాలు ఒక మేజా మీది నుంచి ఇంకో మేజా మీదికి చేర్చడం, మీటింగు జరిగితే నీళ్లందించడం, సంత రోజున మైదానం చూసుకోవడం అతనికి అప్పజెప్పిన పనులు. ఎవరూ చెప్పకుండా చేసేవి ఇంకా ఉండేవి. సంత రోజు తెల్లవారేసరికి మైదానం ఊడిపించి నీళ్లు చల్లించేవాడు. చాకవేలు నుంచీ చేలూరు నుంచీ బండ్లు వచ్చేసరికి తాగే నీళ్ల కడవలు నిండుగా ఉండేవి. ఎవరైనా జబ్బుపడి ఒక వారం రాకపోతే, ఆ చోట్లో ఇంకొకరు కూర్చోకుండా రెండు రాళ్లు పెట్టి కాపాడేవాడు. "ఆయప్ప వచ్చేవారం వస్తాడప్పా, పక్కన సర్దుకోండి" అని బతిమాలేవాడు తప్ప ఎవరినీ గద్దించేవాడు కాదు.

భార్య దగ్గరికి మాత్రం సంతలో వచ్చేవాడు కాదు. బోర్డు జవాను పెళ్లాం కాబట్టే ఆమెకు మంచి చోటు దొరికిందని ఎవరైనా అంటారేమోనని అతని భయం. నిజానికి ఆమె చోటు మంచిదేమీ కాదు. పొద్దు ఎక్కిందంటే సాయంత్రం దాకా ఎండ సూటిగా ముఖం మీదే పడేది.

సంతలో ఎండకు మాడే చిన్న వ్యాపారులకు నీడ కల్పించాలని ఆ ఏడు బోర్డు తీర్మానించింది. రాతి కంబాలు నిలిపి, పైన మంగళూరు పెంకులు కప్పి, కింద బండలు పరిచిన పొడవాటి అరుగు ఒకటి కట్టడం మొదలుపెట్టారు. ఆ కబురు వినగానే అందరికంటే ఎక్కువగా పొంగిపోయింది జయలక్ష్మమ్మే. మధ్యాహ్నం ఎండకు గాజులు కాలిపోయి, చేతికి వేయబోతే చంటిపిల్లలు ఏడ్చేవాళ్లు. వాటిని తడిగుడ్డలో చుట్టి చల్లార్చి వేయడం ఆమెకు ప్రతి సంతలో ఉండే తిప్పలు.

అరుగు మీద చోట్లు ఎలా పంచాలో తేల్చడానికి బోర్డు కూర్చున్న రోజున వెంకటరాయప్ప నీళ్ల గ్లాసులతో గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. చోట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. చీటీలు వేసి ఇద్దామని నిర్ణయమైంది. అప్పుడు ప్రెసిడెంటు మునికృష్ణప్ప ఒక మాట అన్నాడు.

"మన నౌకరుల ఇండ్లోళ్లు చీటీల్లో చేరకూడదు. చేరితే, బోర్డు తన ఇంటోళ్లకే నీడ కట్టుకొనిందని అంటారు జనం."

సభ్యులంతా సరేనన్నారు. అప్పుడు గానీ మునికృష్ణప్పకు గుమ్మం వైపు చూపు పోలేదు. ఆయన ముఖం కాస్త వాడింది.

"వెంకటరాయప్పా, మీ ఇంటామె సంతలో గాజులు అమ్ముతుంది కదా?"

"అవును స్వామీ."

"నీకేమైనా చెప్పుకొనేది ఉండాదా?"

వెంకటరాయప్ప గ్లాసులు సర్దుకున్నాడు. "మీరు చెప్పింది న్యాయమే స్వామీ" అన్నాడు.

ఆ మాట బోర్డులో సులభంగానే చెప్పాడు గానీ ఇంట్లో చెప్పలేకపోయాడు. చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ ఆమె ఆ అరుగు మాటే మొదలుపెట్టేది. చింతామణి వెళ్లి అన్నతో ఒక చెక్కపెట్టె చేయించుకొని వచ్చింది. అరుగు మీద పెట్టుకుంటే గాజులకు దుమ్ము పట్టదట. ఆ పెట్టెను చూసిన రోజు అతనికి అన్నం సయించలేదు.

చివరికి అరుగు దగ్గరే చెప్పాల్సి వచ్చింది. కొత్తగా కట్టిన గోడ ఆరిపోకుండా అతను కడవతో నీళ్లు పోస్తున్నాడు. రాగి సంగటి, ఉలవచారు గిన్నెలో పెట్టుకొని జయలక్ష్మమ్మ వచ్చింది. గిన్నె పక్కన పెట్టి అరుగెక్కి, ఒక కంబం పక్కన కొంగు పరుచుకొని కూర్చుంది.

"ఈ కంబం కాడ నేను కూచుంటా. బస్సు దిగే ఆడోళ్లు నేరుగా ఈడికే వస్తారు. వాన పడినా పట్టా చుట్టుకొని పరిగెత్తే పని లేదు. ఎట్లుండాది?"

"జయా, కిందికి దిగు."

"ఏం, తడిగా ఉండాదా?"

"తడి లేదు." అతను కడవ కింద పెట్టాడు. "మనకు ఈడ చోటు లేదు. నౌకరుల ఇండ్లోళ్లకు ఇయ్యకూడదని మీటింగులో అన్నారు."

ఆమెకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు దులుపుకొని కిందికి దిగింది.

"ఆ మాట అన్నప్పుడు నువ్వు ఆడే ఉంటివా?"

"ఉన్నా."

"ఒక్క మాట అడిగింటే పోయేది కదా?"

"అడిగింటే ఇచ్చిందురేమో. అందుకే అడగల్యా."

అంతే, ఆమెకు కోపం పొంగుకొచ్చింది. "ఊరందరి కష్టం నీకు కనిపిస్తాది. ఎవరెవరికో నీళ్లు పెడతావు, రాళ్లు పెట్టి చోట్లు కాస్తావు. నేను ఎండలో మాడేది మాత్రం నీ కంటికి ఆనదు. నీ మంచితనానికి నేనే దొరికినానా?" అంది. ఆమె గిన్నె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆ పూట ఇద్దరూ తినలేదు.

అరుగు తయారైంది. తోరణాలు కట్టారు, చీటీలు వేశారు. పాపన్నకు చోటు వచ్చింది. ఆమె కొంగు పరిచి చూసుకున్న కంబం దగ్గర కొబ్బరికాయలమ్మే బయ్యప్ప కూర్చున్నాడు. జయలక్ష్మమ్మ మాత్రం తన పాత గోనెపట్టా మీదే, ఎండలో.

పాపన్న చూడలేక లేచి వచ్చాడు. "అక్కా, నా చోట్లో సగం నీకు ఇస్తా రా. పసుపు పక్కన గాజులుంటే ఇద్దరికీ బేరం బాగుంటాది."

"నువ్వు అడిగినావు, అది చాలు తమ్ముడూ. నేను ఆడ కూచుంటే, జవాను పెండ్లాం దొడ్డిదోవలో వచ్చిందంటారు. ఆయప్ప అంతగా కాపాడుకొన్న పేరు నేను చెడపకూడదు" అంది. అలా అన్న తర్వాత తన మాటకు తనకే ఆశ్చర్యం వేసింది. కోపం తగ్గిందని ఆమె అప్పటిదాకా అనుకోలేదు.

కానీ ఎండలో కూర్చుంటే బేరాలు రాలేదు. నీడ రుచి తెలిసినవాళ్లు నీడలోనే నిలబడి కొనుక్కొని వెళ్లిపోయేవాళ్లు. రెండు మూడు సంతలు చూసి, ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. వాళ్ల నాయనమ్మ ఊరూరా తిరిగి గాజులమ్మేదట. అటక మీద నుంచి గాజులు గుచ్చే మలారపు తాళ్లు దింపింది. డజన్ల కొద్దీ గాజులు వాటికి గుచ్చి భుజాన వేసుకొని, తెల్లవారే బస్సుకు పల్లెలకు బయలుదేరింది.

మొదట్లో సాయంత్రానికి కాళ్లు పీకేవి, భుజం కదుములు కట్టేది. వెంకటరాయప్ప వేణ్ణీళ్లు కాచి పెట్టేవాడు. ఆమె కాళ్లు కడుక్కునేది. మాటలు మాత్రం అవసరానికి తగ్గట్టే నడిచేవి.

పల్లెల్లో ఆమెకు కొత్త లోకం కనపడింది. సంతకు రాలేని ఆడవాళ్లు ఇంతమంది ఉన్నారని ఆమెకు తెలియదు. బాలింతలు, కొత్త కోడళ్లు, పశువులను వదిలి కదలలేనివాళ్లు, కళ్లు ఆనని ముసలివాళ్లు. ఆమె వీధిలోకి వస్తుంటే గుమ్మాల్లో ముఖాలు వెలిగేవి. "గాజులమ్మా, ఈడికి రా తల్లీ" అని పిలిచి, ముందు మజ్జిగ ఇచ్చి తర్వాతే చెయ్యి చాచేవాళ్లు.

ఆ మరుసటి ఏడు బోర్డువాళ్లు ఇంకో పద్ధతి పెట్టారు. ప్రతి ఆగస్టు పదిహేనున నౌకరుల్లో ఒకరిని పిలిచి సన్మానం చేయాలని. ఎవరిని చేయాలో తమలో తాము తేల్చుకోకుండా, బోర్డు పనితో సంబంధం ఉన్నవాళ్లను అడుగుదామని సంతకు వచ్చారు. బయ్యప్ప వాళ్ల మాట పూర్తి కానివ్వలేదు.

"ఎవరేంది స్వామీ, మా వెంకటరాయప్పే! తన ఇంటామెను ఎండలో కూచోబెట్టి మాకు నీడ ఇచ్చినోడు."

అరుగు పొడుగునా అందరూ అదే పేరు చెప్పారు.

పండగ రోజు జెండా ఎగరేశాక అతన్ని వేదిక మీదికి పిలిచారు. మునికృష్ణప్ప శాలువా కప్పి, పూలమాల వేసి, "ఇవరు నమ్మ బోర్డిన మాన ఉళిసిదవరు" అని కన్నడంలో అని, జనం వైపు తిరిగి తెలుగులోనూ చెప్పాడు. "మన బోర్డు మానం కాపాడినోడు ఈయప్ప." చప్పట్లు మోగాయి. వెంకటరాయప్పకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వేదిక దిగి, అలవాటు ప్రకారం నేరుగా వెనక్కి వెళ్లి, మిఠాయి పళ్లెం ఎత్తుకొని సభ్యులకు పంచడం మొదలుపెట్టాడు. భుజాన శాలువా, మెడలో మాల అలాగే ఉన్నాయి.

మునికృష్ణప్ప లేచి వచ్చి అతని చేతిలోని పళ్లెం తీసుకున్నాడు.

"ఈ పొద్దు నేను పంచుతాలే. మీ ఇంటామె యాడ? కనపడలేదే."

"శ్రావణమాసం కదా స్వామీ, వరమహాలక్ష్మి పండగ వస్తాండాది. గాజులకు ఇదే కాలం. చాకవేలికి పోయింది."

ప్రెసిడెంటు రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "పో. బస్సు ఉండాది, పో" అన్నాడు.

చాకవేలులో బస్సు దిగి, ఎదురైనవాళ్లను అడుగుతూ వెళ్తే, ఊరి చివర రైతు కొండప్ప ఇంటి వసారాలో కనిపించింది జయలక్ష్మమ్మ. కొండప్ప తల్లి అక్కయమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఏళ్ల తరబడి కలుపు తీసీ, రాగులు విసిరీ ఆమె వేళ్ల కణుపులు వాచి బిగుసుకుపోయాయి. ఏ గాజూ దిగేది కాదు. జయలక్ష్మమ్మ ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకొని, గోరువెచ్చని ఆముదం రాసి, చంటిబిడ్డ కాలు నిమిరినట్టు నిమురుతోంది. పచ్చగాజు ఒకటి కణుపు దగ్గరికి వచ్చి ఆగింది.

ముందుగా చూసింది అక్కయమ్మే. "ఎవరప్పా నువ్వు? శాలువా, పూలదండ... పెండ్లికొడుకు మాదిరి ఉండావే!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. జయలక్ష్మమ్మ తలెత్తి చూసింది. లేవబోయి, గాజు గుర్తొచ్చి ఆగిపోయింది.

"కూచో. కదిలితే గాజు చిట్లుతాది" అంది, అతనితోనో అక్కయమ్మతోనో తెలియకుండా.

అతను మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె మళ్లీ ఆముదం రాసింది. గాజు కాస్త కదిలింది, ఇంకాస్త కదిలింది, మెల్లగా మణికట్టు మీదికి దిగింది. అక్కయమ్మ చెయ్యి పైకెత్తి వెలుతురులో చూసుకొని, ఇంకో చెయ్యి కూడా చాచింది.

ఆ చెయ్యి కూడా అయ్యాకే జయలక్ష్మమ్మ అతని వైపు తిరిగింది. "ఏమన్నారు?"

అతను సిగ్గుపడుతూ ప్రెసిడెంటు చెప్పింది చెప్పాడు. కన్నడ మాట దగ్గర తడబడితే, "మళ్లీ చెప్పు" అంది. మళ్లీ చెప్పాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆడవాళ్లు లోపలికి వెళ్లి అతనికి ఒబ్బట్లు, పాలు తెచ్చారు. ఇద్దరే ఉన్నప్పుడు ఆమె నెమ్మదిగా అంది. "ఆ పొద్దు నోటికొచ్చినట్ల అన్నా నిన్ను."

"అనాల్సిందే కదా. నిన్ను ఎండలో చూసిన ప్రతి సంతా నాకు అన్నం దిగేది కాదు. నీకు ఒక చెంబు నీళ్లు తెచ్చిచ్చేదానికి కూడా జంకినా. అందరికీ ఇచ్చినా, నీకే ఇయ్యలేకపోయినా."

"నాకు తెలుసులే. దూరంగా నిలబడి చూస్తాంటివి. నువ్వు చూసేది నేను చూస్తాంటి." ఆమె మలారపు తాళ్లు ముడి వేసింది. "ఇంగ లే, ఇంకో రెండిండ్లు ఉండాయి."

భుజాన వేసుకోబోతుంటే అతను అందుకున్నాడు. శాలువా మడిచి భుజం మీద మెత్తగా పెట్టుకొని, దాని మీద గాజుల తాళ్లు వేసుకొని, ఖాకీ చొక్కాతోనే ఆమె వెనకాల నడిచాడు. వీధి మలుపులో ఎవరో "గాజులమ్మా!" అని పిలిస్తే, ఆమె కంటే ముందు అతనే "వస్తాండామమ్మా" అని బదులిచ్చాడు.

తర్వాతి మీటింగులో మునికృష్ణప్ప ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్ల సంగతి ఎత్తాడు. బస్సులు ఆగే పెద్ద పల్లెల్లో రాతి బల్లలు వేసి పైన కప్పు వేయించాలని తీర్మానమైంది. వాటికి చీటీలు లేవు, చోట్లు లేవు. ఎవరు ముందొస్తే వాళ్లు మోత దించుకొని కూర్చోవచ్చు. కుండలవాళ్లు, కంబళ్లవాళ్లు, జయలక్ష్మమ్మ, అందరూ వాడుకున్నారు. బోర్డు ఆమెకని ప్రత్యేకంగా ఏమీ ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

వెంకటరాయప్ప సెలవు దొరికిన ప్రతిసారీ ఆమెతో పల్లెలకు వెళ్లడం అప్పటి నుంచే అలవాటైంది. కొన్నాళ్లకు కణుపుల మీద ఆముదం రాయడం కూడా నేర్చుకున్నాడు, ముసలివాళ్ల చేతులైతే ఆమె అతనికే అప్పజెప్పేది. బోర్డు ఆఫీసులో అతన్ని జవానప్ప అనేవాళ్లు. చాకవేలు వైపు మాత్రం చిన్నా పెద్దా అందరికీ గాజులప్పే. రెండింటిలో ఏ పేరుతో పిలిస్తే వేగంగా వెనక్కి తిరుగుతాడో బాగేపల్లిలో అందరికీ తెలుసు.