నివ్వరి వాటా

ఋషిపంచమి నాడు మా అమ్మ నాగలి తగిలిన నేలలో పండిన గింజ ముట్టేది కాదు. కళింగపట్నం దారిలో, పల్లపు మడుగులో తనంత తానే మొలిచే అడవి వరి, నివ్వరి, ఆ రోజుకి ఆమె అన్నం. గింజ పండీ పండగానే నీళ్లలోకి రాలిపోతుంది కాబట్టి అమ్మా, పిన్నీ ముందుగానే వెళ్లి పచ్చి కంకుల్ని గుత్తులుగా ముడేసి వచ్చేవాళ్లు. ఎర్రటి ఆ అన్నం నాకూ ఒక ముద్ద దొరికేది. ఎంత తలచుకున్నా ఆ రుచి ఇప్పుడు నాలుక మీదికి రాదు. అమ్మ పోయింది. మడుగు పూడ్చి ప్లాట్లు వేశారు. ఆ రుచి ఎరిగిన మనిషి పిన్ని ఒక్కర్తే మిగిలింది.

వరి వంగడాల మీద పనిచేయడం నా ఉద్యోగం. అమ్మ డబ్బాలో దొరికిన పాత నివ్వరి గింజల్లో ఒక్కటే మొలిచింది. దాని పుప్పొడిని మన వరి పువ్వుకి అద్దాను. చీడను తట్టుకునే గుణం కోసమని ఆఫీసులో చెప్పాను, అదీ నిజమే. అసలు ఆశ మాత్రం ఆ ముద్ద మీద. నివ్వరి మొక్కని గింజ కట్టేలోపే ఎలుకలు కొరికేశాయి, వాటి దుంప తెగ! ఇక మిగిలింది ఆ రెండూ కలిసి పుట్టిన సంకరం మొక్కే.

అది ఏపుగా పెరిగింది. రెండు జాతుల జన్యువులు ఒకే మొక్కలో చేరడం కొత్త కాపురం లాంటిదే. ఒకరి మాట చెల్లుతుంది, ఇంకొకరి మాట లోపలే ఉండిపోతుంది. గింజ కొసన పొడవాటి ముల్లు, ఎర్ర రంగు, రాలే గుణం నివ్వరివే వచ్చాయి. కొన్నిచోట్ల ఇద్దరికీ పొత్తు కుదరక సగానికి పైగా గింజలు తాలే అయ్యాయి. నేనూ అమ్మలాగే కంకులు ముడేశాను. చివరికి గుప్పెడు గింజలు దక్కాయి.

ఒక గింజ ఊక ఒలిచి పిన్ని నోట్లో పెట్టాను. కళ్లు మూసుకుని నమిలింది.

"ఎరుపైతే ఉన్నాది గానీ, మీయమ్మ బియ్యం రుసి నేదే," అంది.

నా ప్రాణం ఉసూరుమంది. "ఒక్కో గింజకి ఒక్కో వాటా పడతాది పిన్నీ, అన్నదమ్ముల పంపకంలాగ. ఇవన్నీ నాటితే ఏదో ఒక మొక్కలో ఆ రుసి బయటపడతాది."

"ఎన్ని పంటలు పడతాది?"

"నాలుగైదు... ఇంకా ఎక్కువేనేమో."

పిన్ని నవ్వింది. "అప్పటికి నానుంతానేటే? ఒచ్చినా అదేనని నీకెవలు సెప్తారు?"

మిగిలిన గింజలు ఒలవకుండా నారు పోశాను. రోజూ పిన్నికి ఫోన్ చేసి, అన్నం తిన్నావా అని అడుగుతున్నాను.