గచ్చు అంచున బావ

ఆ ఆదివారం పొద్దున అక్క ఫోన్ చేసి, "మీ బావ లేస్తలేడు రా" అంది. "ముక్కు మూసి చూడు, లేస్తడు" అన్నాను. మా మధ్య అట్లాంటివి మామూలే. పోయిన ఎండాకాలం సొమ్మసిల్లినట్టు పడుకుని, నేను మొహాన నీళ్లు చల్లేదాకా ఆగి, పకపకా నవ్విన మనిషి ఆయన. ఫోన్‌లో అక్క వెనకాల ఎవరో ఏడుస్తున్నారు. ఈసారి బావ ఆట ఆడడం లేదని అప్పుడు తెలిసింది.

నాందేడ్‌లో చాలామందికి ఆయన రైల్వేలో రిటైరైన పెద్దమనిషి. నాకు మాత్రం మెకానిక్, నేను ఆయన పైలట్‌ని. నిజం విమానం అనుకునేరు. రెండు మూరల రెక్కలున్న చిన్న రేసు విమానం. దానికి రెండు సన్నని ఉక్కు తీగలు, వాటి పిడి నా చేతిలో. నేను నడుమ నిలబడి గిరగిర తిరుగుతుంటే అది నా చుట్టూ ఎగురుతుంది. దాని చిన్న ఇంజన్‌లో నూనె అయిపోగానే దించాలి. ఆ చుట్టు అంచున ఉన్న మెకానిక్ దాన్ని పరుగులోనే పట్టి, నూనె పోసి, ముందున్న పంకా చేత్తో తిప్పి మళ్లీ వదలాలి. ఒకే చుట్టులో ముగ్గురి విమానాలు ఎగురుతాయి, చెప్పినన్ని చుట్లు ముందు ఎవరివి పూర్తయితే వాళ్లది గెలుపు. పదో తరగతి తప్పినవాడికి గిరగిర తిరగడం కన్నా మంచి కొలువు ఏం దొరుకుతుంది?

ధర్మాబాద్ దారిలో ఒక జిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి సీజను అయిపోతే దాని సిమెంటు గచ్చు మాదే. బావ తలకు తువ్వాలు చుట్టుకుని అంచున గొంతుకూర్చునేవాడు. ఒళ్లంతా విమానం నూనెలో కలిపే ఈథర్, కిరోసిన్ వాసన. "ఈ మనిషిని పొయ్యి దగ్గరికి రానియ్య, అంటుకుంటడు" అనేది అక్క.

ఎక్కడ దించాలో ముందే మాట్లాడుకునేవాళ్లం. నేను కావాలనే మాట తప్పి అవతలి వైపు దించేవాణ్ణి. పొట్ట పట్టుకుని బావ ఉరుకుతుంటే చూడాలి. "బావా, బండి ఎన్ని గంటలు లేటు?" అని అరిచేవాణ్ణి. విమానం చేతికి చిక్కాకే ఆయన తిట్టేవాడు, ముందు కాదు.

"గాడ్ది కొడకా, నీకు తూర్పేదో పడమరేదో తెల్వది. ఏడన్న దించు. నేనుంట."

పోలెండ్ పోటీకి పోయినప్పుడు బావకు అది మొదటి విమాన ప్రయాణం. లోపల చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకోవాలని చెప్పాను. బుద్ధిగా విప్పి తువ్వాలులో చుట్టుకున్నాడు. నేను నవ్వు ఆపుకుంటూ నిద్రపోయాను. లేచేసరికి సీటు కింద విప్పిన నా బూట్లు లేవు, తువ్వాలు మూట మాత్రం పెద్దదైంది.

"నీయి గూడ పట్టుకున్న బామ్మర్ది. నిన్నెవరన్న ఏమన్న అంటే నాకే నామోషి గద."

దిగేదాకా ఇవ్వలేదు.

అక్కడ రేసులో మిగతా ఇద్దరు పైలట్ల భుజాల మధ్య నలిగి నాకు కళ్లు తిరిగాయి. ఇంజన్ ఆగింది. మా అంచు ఎటుందో నిజంగానే తెలియలేదు. దేవుడి మీద భారం వేసి దించాను. చేతిలో తీగ మెత్తగా ఆగింది, బావ పట్టుకుంటే ఆగినట్టు. మేము గెలవలేదు. పట్టికలో మా పేర్లు కింది నుంచి చూస్తే తొందరగా దొరుకుతాయి. బయటికి వచ్చాక "ఎట్ల ఉరికినవ్ బావా?" అని అడిగాను.

"నీ లుచ్చా పనులకు అలవాటైన కాళ్లు రా ఇవి" అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "ఇంకొక్కసారి రావాలె. ఫైనల్ చూసుడు గాదు, ఆడాలె" అన్నాడు.

ఈ ఏడు పోటీకి మళ్లీ పిలుపు వచ్చింది. టికెట్లు కూడా తీశాం. ఇప్పుడు మా విమానాల క్లబ్బువాళ్లు హైదరాబాద్ నుంచి ఇంకో మెకానిక్‌ను ఇస్తామంటున్నారు. చాలా చురుకైన చేతులట. కావచ్చు. నా బాధ చేతుల గురించి కాదు.

దినాలు అయ్యాక, అసలు ఆయన లేకుండా ఎగరేయగలనా చూద్దామని మిల్లుకు పోయాను. వాచ్‌మన్ మరాఠీలో "కాకా కుఠే?" అన్నాడు, కాకా ఏడి అని. నేను పంకా తిప్పి, ఇంజన్ అందుకోగానే విమానం అతని చేతికిచ్చి నడుమకు పోయాను. వదలమంటే వదిలి, అతను నీడకు పోయాడు.

నూనె అయిపోయి ఇంజన్ ఆగింది. ఆగిన విమానం గాలిలో ఎంతోసేపు ఉండదు. ఉన్నంతసేపు ఉంచాను. అంచంతా ఒక్కతీరుగా ఖాళీగా ఉంది. చివరికి, ఎప్పుడూ అనుకునే చోటనే, మాట తప్పకుండా దించాను. అది నేలను తాకి, ఆయన కూర్చునే చోటు దాటి, గచ్చు మీద మెల్లగా పోతూ పోతూ ఆగింది. తీగలు సడలి నేల మీద వాలాయి. నేను పిడి వదలలేదు. పంకా ఎవరో తిప్పుతారన్నట్టు, నడుమ అట్లాగే నిలబడి ఉన్నాను.