గ్రంథాలయం గోడ మీద అమ్మ

ఇయ్యాల డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడితే, పక్క గోడకు ఎవరో పోస్టర్ అతికిస్తున్నరు. ఉడికించిన మైదా వాసనకు మా పాలకుర్తి గ్రంథాలయం యాదికొచ్చింది.

ఎనభైల్లో ఒక ఏడు, గ్రంథాలయ వారోత్సవాలకు పిల్లలు గీసిన బొమ్మలన్నీ అక్కడ గోడకు అతికించిండ్రు. నోటుబుక్కు నడుమ కాయితం చింపి నేను మా అమ్మను గీసిన. నెత్తి మీద సద్ది గంప, చంకల బిందె. వరికోతలు ఇడిసిపెట్టి రానన్న అమ్మను ఏడ్చి మరీ తీసుకపోయిన.

బెంచీల మీద ఊరి పెద్దమనుషులు పేపర్లు చదువుతున్నరు. అమ్మ చెప్పులు బయటనే ఇడిసి, కొంగు నిండుగ కప్పుకొని తలుపు పక్కన నిలబడ్డది.

"కూసో అమ్మా," అని లైబ్రరీ సారు ఖాళీ కుర్చీ చూపించిండు. పెద్దమనుషుల ముంగట కుర్చీల ఎట్ల కూసుంటది? "ఉండనియ్యి సారూ," అన్నది.

నా బొమ్మ మూలలు ఇంకా తడిగానే ఉన్నయి. అమ్మ శానాసేపు చూసింది.

"గిది నేనేనా బిడ్డా?"

"నువ్వే."

"నన్ను జర కూసోవెట్టి గీస్తే ఏం పోయింది?"

బొమ్మ నచ్చలేదనుకున్న. నాకు మంట లేచింది. ఇల్లు చేరేదాక అమ్మను ఇడిసి ముందట ముందట నడిచిన. అమ్మ రాంగనే గంప ఎత్తుకొని మళ్లా పొలానికి పోయింది.

ఇప్పుడు డ్యూటీల పొద్దంత నిలబడి మోకాళ్లు గుంజుతుంటే తెలుస్తున్నది, ఆమె నా బొమ్మకు వంక పెట్టలేదని. అయినా ఆమె అడిగినట్టు గీయడం అప్పుడు నాతోని అయ్యేది కాదు. అమ్మ ఊరికె కూసుంటే ఎట్లుంటదో నేను ఎన్నడూ చూడలే.